ముగ్గురేసి

ఉత్తర్వు తెలుగులోనే ఉంది గానీ
పేటలో ఎవరికీ అంతుపట్టలేదు.
డ్రిల్లు మాస్టారు కదా చదువుతాడని
బడి వదిలాక నాకు కబురంపారు.
కంచె పొడవునా
నలుగురు గాని, అంతకు మించి గాని
ఒకచోట నిలబడరాదు, గుమిగూడరాదు.
అర్జిల్లి దేముడమ్మ రెండుసార్లు చదివించుకుంది.
"ముగ్గురమైతేనో?"
ముగ్గురి సంగతి రాయలేదమ్మా.
"నిలబడకండా ఎల్పోతంటేనో?"
దాని సంగతీ రాయలేదు.
చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని నోరు మూసుకుంది.
అది ఆమె ఆలోచించే పద్ధతి.

కంచె పడకముందు
ఆమె గడప నుంచి తడి ఇసకకి తొంభై అడుగులు.
నేను లెక్కపెట్టలేదు, ఆమె చెప్పింది.
ఇప్పుడు రోడ్డెక్కి, పెట్రోలు బంకు దాటి,
ఐసు ఫ్యాక్టరీ గోడ వెంట దిగి,
మళ్ళీ ఇసకలో వెనక్కి:
నాలుగు కిలోమీటర్లకి కొంచెం తక్కువ.
సముద్రం మాత్రం జరగలేదు.
కంచె కన్నాల్లోంచి రోజూ కనబడుతూనే ఉంటుంది
వంజరాన్ని ముక్కలు కోసి
ఎవరో బల్లమీద పరిచినట్టు.

ఆదివారం తెల్లారగట్ల
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం ఇంకా తిరుగుతోంది.
నా మెడలో విజిలు, చేతిలో బడి స్టాప్‌వాచి.
నంబర్లు పాత కాలెండర్లలోంచి కత్తిరించి
జాకెట్లకి పిన్నీసులతో గుచ్చారు.
ముప్పై ఒకటి తర్వాత తేదీలు లేవు గనక
పదిహేడులు ముగ్గురయ్యారు.

మొదటి విజిలు. ముగ్గురు.
కుచ్చిళ్ళు పైకి దోపి, చెప్పులు నా దగ్గర విడిచి.
నిమిషం ఆగి మళ్ళీ ముగ్గురు.
మైలపల్లి జ్యోత్స్న, ఆమెకి రెండువైపులా
రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు.
వలలు బాగుచేసే సూరాడ బండియ్య పరిగెత్తలేదు, నడిచాడు.
అటొకరు ఇటొకరు కుర్రాళ్ళు
ఆయన అడుగంతే అడుగు వేశారు.

నినాదం లేదు, బ్యానరు లేదు.
బయల్దేరే చోటుకీ చేరే చోటుకీ నడుమ
తాళమేసిన ఒక్క గేటు.
నేను కదల్లేదు.
ఇవతల విజిలూది పంపినవాళ్ళని
అవతల చేరాక కన్నాల్లోంచి చూసి రాసుకున్నాను.
చేరినవాళ్ళు చేరినట్టే నీళ్ళలోకి వెళ్ళిపోయారు.

పోలీసులు లెక్కపెట్టారు.
ఒకటి, రెండు, మూడు. మళ్ళీ ఒకటి.
ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాలుగు రాదు.
సబ్ ఇన్‌స్పెక్టరు ఫోనులో ఎవరికో చెబుతున్నాడు,
"లేద్సార్. నిలబడ్డం లేద్సార్."

ఆఖరి జట్టు దేముడమ్మది.
పక్కనే ఒక కుర్ర కానిస్టేబులు
బూట్లతో పరుగందుకున్నాడు.
ఆపుదామనో, ఎటు పోతారో చూద్దామనో.
పది గజాలు. ఇరవై.
పరుగు తగ్గించకుండానే ఆమె అంది,
"బావూ, నువ్వు అవతలకెల్లు.
నీతో కలిపితే నలుగురం."
వాడు ఆగిపోయాడు.
టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.
వాడిదీ భీమిలి దగ్గర ఏదో పేటేనని తర్వాత ఎవరో అన్నారు.
నేను అడగలేదు.

ఇరవై తొమ్మిది విజిళ్ళు. పెదవి వాచింది.
గేటు తెరుచుకోలేదు.
ఆ పూటే తెరుచుకుంటుందని ఎవరూ అనుకోనూలేదు.
ఎండెక్కాక దేముడమ్మ కంచె అవతల
ఇనప తీగలు పట్టుకుని వొగరుస్తూ
"నాకెంత పట్టినాది మాస్టారూ?"
యాభై ఒక్క నిమిషాలు.
"రాసినావా?"
రాశాను, బడి రిజిస్టర్లోనే.
"మునుపు గుమ్మంకాడ చుట్ట ఎలిగిస్తే
సగం కాలకముందే నీలల్లో కాళ్ళెట్టీదాన్ని.
అదీ రాయి."

దానికి గడి లేదు.
హాజరు గళ్ళ పక్కన మిగిలిన జాగాలో రాశాను:
చుట్ట, అర.